బుడాపెస్టులో మా అమ్మాయి వాటర్ పోలో శిక్షణ: ఒక తల్లి సమీక్ష

హంగరీ రాజధాని బుడాపెస్టులో ఉంటున్న తెలుగు కుటుంబాల్లో పిల్లలను ఏ ఆటలో చేర్చాలన్న మాట వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు నన్ను వాటర్ పోలో గురించి, అంటే కొలనులో ఈదుతూ బంతిని ఎదుటి జట్టు గోలులోకి విసిరే ఆట గురించి, అడుగుతున్నారు. మా అమ్మాయి డాన్యూబ్ నదికి పడమటి ఒడ్డున బుడా వైపున్న ఒక క్లబ్బులో 14 ఏళ్లలోపు బాలికల జట్టుతో సాధన చేస్తోంది. అడిగిన ప్రతివారికీ విడివిడిగా చెప్పేకంటే అంతా ఒకచోట రాయడం మేలనిపించింది. ముందే తేల్చి చెబుతున్నాను: శిక్షణ బాగుంది, కట్టే డబ్బుకు తగిన ఫలితం ఉంది, ఈత వచ్చిన పిల్లలను నిశ్చింతగా చేర్చవచ్చు. కాని ఆ మంచితనం ఎక్కడ ఉందో, దాన్ని ఏది చెడగొడుతుందో తెలుసుకుని చేర్చండి. క్లబ్బు పేరు రాయడం లేదు. ఇందులో ఇతర పిల్లల సంగతులు ఉన్నాయి, నా ఫిర్యాదులూ ఉన్నాయి.

నేను ఫిజియోథెరపిస్టును. పుట్టింది, పెరిగింది రాజమహేంద్రవరంలో. భుజాలు, మోకాళ్లు, నాడి వేగం నా రోజువారీ పని కాబట్టి కొలను ఒడ్డున కూర్చున్నప్పుడు కూడా నా చూపు గోల్స్ కంటే వాటి మీదికే పోతుంది. గోల్స్ అంటే గోళ్లు గుర్తొచ్చాయి, మ్యాచ్‌కు ముందు రిఫరీలు పిల్లల చేతిగోళ్లు తనిఖీ చేస్తారు. పెరిగి ఉంటే అక్కడే కత్తిరించుకోవాలి.

ఒడ్డున కూర్చుని చూసేవారికి ఈ ఆటలో సగమే కనిపిస్తుంది. మిగతా సగం నీటి అడుగున జరుగుతుంది. కొలను లోతుగా ఉంటుంది, కాలు మోపడానికి నేల అందదు. జట్టుకు గోల్‌కీపరుతో కలిపి ఏడుగురు. పెద్దల మ్యాచ్ అయితే 8 నిమిషాల చొప్పున నాలుగు భాగాలు. బంతి ఆటలో లేనప్పుడు గడియారం ఆగుతుంది కనుక మొత్తం దాదాపు గంటసేపు సాగుతుంది. గోల్‌కీపరు తప్ప ఎవరూ బంతిని రెండు చేతులతో పట్టుకోకూడదు. ఇంతసేపూ శరీరాన్ని నీటిపైన నిలబెట్టేది ఎగ్‌బీటర్ కిక్. కుర్చీలో కూర్చున్నట్లు తొడలు ముందుకు పెట్టి, మోకాలి కింది భాగాలను ఒకదాని తరవాత ఒకటి గుండ్రంగా తిప్పుతూ ఉండాలి. కవ్వంతో పెరుగు చిలికినట్లు ఎక్కడా ఆగకుండా తిప్పాలి. దాని మీదే ఎగరడం, విసరడం, ఎదుటి మనిషి బరువును మోయడం. మధ్యమధ్య పది పదిహేను సెకన్లు ప్రాణం పెట్టి ఈదడం, కుస్తీ పట్టడం, కొద్ది క్షణాలు ఊపిరి తీసుకోవడం, మళ్లీ ఈదడం.

అంటే దూరం ఈదగలిగే దమ్ము, ఒక్కసారిగా విరుచుకుపడే బలం, ఎవరో ఈతదుస్తులు పట్టి లాగుతున్నా బంతి మీదనుంచి చూపు తిప్పని నిలకడ, ఈ మూడూ ఒకే పిల్లలో కావాలి. ఈ మూడూ పుట్టుకతో సమానంగా వచ్చే పిల్లలు నాకు ఇంతవరకు కనిపించలేదు. అందువల్ల ఒకే సాధన జట్టులో ఒక్కొక్కరి మీద ఒక్కోలా పనిచేస్తుంది. మంచి క్లబ్బు ఆ తేడాను పట్టుకుంటుంది. మాది పట్టుకుంది. ఈ సమీక్షలో నేను ముఖ్యంగా చెప్పదలచింది అదే.

సెప్టెంబరులో సీజను మొదలవగానే పిల్లలను వెంటనే బంతి ఆటలోకి దించలేదు. ఎత్తు, కూర్చున్నప్పటి ఎత్తు, బరువు కొలిచారు. పడుకోబెట్టి నాడి చూసి, నిలబెట్టి మళ్లీ చూశారు. కూర్చున్నప్పటి ఎత్తు ఎందుకని కొందరు తల్లిదండ్రులు అడిగారు. ఎదిగే వయసులో కాళ్లు ముందు సాగుతాయి, మొండెం తరవాత సాగుతుంది. ఆ రెండింటి నిష్పత్తి చూస్తే పిల్ల వేగంగా పొడవయ్యే దశకు ముందుందా, మధ్యలో ఉందా, దాటిందా అన్నది ఉజ్జాయింపుగా తెలుస్తుంది. ఆడపిల్లలకు సగటున 12 ఏళ్ల ప్రాంతంలో, మగపిల్లలకు 14 ప్రాంతంలో ఆ దశ వస్తుంది. కాని సగటు వేరు, మన బిడ్డ వేరు. ఒకే ఏడాది పుట్టిన ఇద్దరి మధ్య శరీర వయసులో రెండు మూడేళ్ల తేడా ఉండటం మామూలే. మా అమ్మాయి జట్టులో ఒకామె భుజాలు అప్పటికే పెద్దవారి భుజాల్లా ఉన్నాయి. మాది ఇంకా వెదురుబద్ద. ఇద్దరికీ ఒకే లెక్కన బరువులు ఎత్తించడం అన్యాయమని తెలిసిన కోచ్ దొరకడం మా అదృష్టం.

తరవాత ఒక కాగితం ఇచ్చారు. దాని మీద ఆరు గళ్లు. ఒక్కో గడిలో 5 సెకన్లపాటు పెన్సిలుతో వీలైనంత వేగంగా చుక్కలు పెట్టాలి, మొత్తం 30 సెకన్లు. చుక్కల సంఖ్య గడి గడికీ పెరిగిందా, నిలకడగా ఉందా, పడిపోయిందా అని చూస్తారు. ఇది తూర్పు ఐరోపా క్రీడాశాస్త్రంలో పాత పద్ధతి. మూలం పావ్‌లోవ్ అనే రష్యన్ శరీరశాస్త్రవేత్త దాకా పోతుంది. ఆయన కుక్కలను గమనించి నాడీవ్యవస్థకు మూడు గుణాలు చెప్పాడు: బలం, ప్రేరణకూ నిగ్రహానికీ మధ్య సమతూకం, ఒకదాన్నుంచి మరొకదానికి మారే చురుకుదనం. గ్రీకులు ఎప్పుడో చెప్పిన నాలుగు స్వభావాలను, అంటే ఉల్లాసి, కోపిష్ఠి, నిదానస్తుడు, విషాదశీలి అనేవాటిని, ఆ గుణాల కలయికలుగా వివరించాడు. మాస్కోలో మనస్తత్వవేత్త తెప్లోవ్ తరవాతి కాలంలో దాన్ని మనుషుల మీద ప్రయోగశాలలో పరిశీలించాడు. పోలండులో మరో మనస్తత్వవేత్త యాన్ స్ట్రెలావ్ ఆ దారిలోనే స్వభావాన్ని కొలిచే ప్రశ్నావళులు తయారుచేశాడు.

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. చుక్కల కాగితం ఒక్కటే చూసి పిల్ల నాడీవ్యవస్థ బలమైనదనో బలహీనమైనదనో అనడం నాకు సమ్మతం కాదు. ముప్పై సెకన్లలో తెలిసేది మణికట్టు వేగం, ఆ సాయంత్రపు ఉత్సాహం. ముందురోజు రాత్రి గణితం పరీక్షకు చదివి నిద్ర చాలని పిల్లకు చివరి గళ్లలో చుక్కలు తగ్గితే అది స్వభావం కాదు, అలసట. ఈ మాటే కోచ్‌తో అన్నాను. ఆయన ఒప్పుకుని, సీజను పొడవునా అప్పుడప్పుడు అదే కాగితం ఇస్తామని, ఒక పిల్లను ఆ పిల్ల పాత కాగితాలతోనే పోలుస్తామని చెప్పారు. అలా వాడితే దానికి విలువ ఉంది. అలసట పేరుకున్న వారాల్లో మా అమ్మాయి చుక్కలు తగ్గడం నేనే చూశాను.

ఇక ఈ శిక్షణలో నాకు అన్నిటికంటే నచ్చిన భాగం. సాధన ముగిసి, స్నానం చేసి, దుస్తులు మార్చుకున్నాక ప్రతి అమ్మాయీ ఒక పుస్తకంలో ఒక అంకె రాయాలి. ఈరోజు సాధన ఎంత కష్టంగా ఉందో సున్నా నుంచి పది వరకు. స్వీడన్ మనస్తత్వవేత్త గునార్ బోర్గ్ తయారుచేసిన కష్టం కొలమానానికి ఇది సరళమైన రూపం. ఆ అంకెను సాధన నిమిషాలతో గుణిస్తారు. 90 నిమిషాలకు ఏడు అని రాస్తే 630. వారం మొత్తం కూడితే ఆ పిల్ల మీద పడిన భారం ఎంతో ఒక అంచనా వస్తుంది. పరికరాలు అక్కర్లేదు, ఖర్చు లేదు. చాలా దేశాల్లో, చాలా ఆటల్లో వాడుతున్నారు.

అయితే ఆ అంకె రాసేది స్వభావం ఉన్న మనిషి. మా అమ్మాయికి ఏదైనా పూర్తిగా ఉంటుంది. నవ్వితే ఇల్లంతా వినిపిస్తుంది, కోపం వస్తే తలుపు గోడకు తగులుతుంది. తను ఎనిమిదికి తక్కువ రాయదు. జట్టులో ఇంకో అమ్మాయి ఉంది, సెంటర్ బ్యాక్. ఎదుటి జట్టులో అందరికంటే బరువైన ఆటగత్తెను గోలు ముందు కాచుకోవడం ఆమె పని. మ్యాచ్ పొడవునా కుస్తీయే. ఆ అమ్మాయి ఎప్పుడూ నాలుగే రాస్తుంది. ముఖం కూడా మారదు. ఇద్దరూ ఒకే సాధన చేసి వస్తారు. పుస్తకం ప్రకారం చూస్తే మా అమ్మాయి చితికిపోయింది, ఆ అమ్మాయికి ఇంకా ఎంతో మిగిలి ఉంది.

గోడ దగ్గర పట్టే నాడి మరోలా చెబుతుంది. తీవ్రమైన ఈత ముగిసిన వెంటనే పిల్లలంతా గోడ పట్టుకుని, మెడ మీద రెండు వేళ్లు పెట్టి, కోచ్ చేతి గడియారం ప్రకారం 10 సెకన్లు లెక్కపెడతారు. వరుసగా అంకెలు అరుస్తారు. 30 అంటే నిమిషానికి 180. ఒక నిమిషం ఆగి మళ్లీ లెక్కిస్తారు. మా అమ్మాయి అంకె మొదట ఎక్కువగా ఉన్నా నిమిషంలో చక్కగా దిగిపోతుంది. నాలుగు రాసే ఆ అమ్మాయికి నవంబరులో కొన్నాళ్లు దిగడం మందగించింది. అయినా పుస్తకంలో నాలుగే రాసింది. కోచ్ ఆమెకు అరగంట సాధన తగ్గించి, రెండు రోజులు పూర్తి విశ్రాంతి ఇచ్చారు. ఆ పిల్ల తల్లికి ఆశ్చర్యం, అమ్మాయి ఎప్పుడూ అలసిపోయానని అనదే అని. నాతో కోచ్ అన్నది ఇది: “మీ అమ్మాయి ఎనిమిదిని నేను ఆరుగా చదువుతాను. ఆ అమ్మాయి నాలుగును ఏడుగా చదువుతాను. ఎవరి అంకె మారినా ఇద్దరినీ పిలిచి మాట్లాడతాను.”

నేను ఆస్పత్రిలో ఏళ్లుగా చూసింది కూడా ఇదే. నొప్పి ఎంతని అడిగితే ఒకరు పదికి పది అని నడిచి వెళ్లిపోతారు, ఇంకొకరు మూడని చెప్పి విరిగిన ఎముకతో కూర్చుంటారు. ఆ అంకెను మనిషితో కలిపి చదవడం అనుభవం మీద వచ్చే విద్య. పిల్లల జట్టు కోచ్ దాన్ని ఇంత శ్రద్ధగా చేయడం చూసి నాకు ఎంతో గౌరవం కలిగింది.

శరీరం శ్రమకు ఎలా అలవాటుపడుతుందన్న ఆలోచనకు ఈ నదీతీరంతోనే బంధం ఉంది. ఒత్తిడి మీద పరిశోధన చేసిన శాస్త్రవేత్త హాన్స్ సెల్యే 1907లో వియన్నాలో పుట్టినా పెరిగింది ఇక్కడికి ఎగువన డాన్యూబ్ ఒడ్డునున్న కొమారోంలో. కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో పనిచేస్తూ 1936లో ‘నేచర్’ పత్రికకు ఒక చిన్న లేఖ రాశాడు. చలి, గాయం, విషం, అతిశ్రమ, దెబ్బ ఏదైనా శరీరం ఒకే తీరులో మూడు దశల్లో స్పందిస్తుందన్నాడు: మొదట బెదరడం, తరవాత తట్టుకుని నిలవడం, భారం తగ్గకపోతే చివరికి కుంగిపోవడం. శిక్షకులు ఈ మూడు దశలనే తమ పనికి పునాదిగా తీసుకున్నారు. రెండో దశ దాకా తీసుకెళ్లి మూడో దశకు ముందే ఆపాలి. ఎక్కడ ఆపాలన్నది పిల్ల పిల్లకూ మారుతుంది. అందుకే పైన చెప్పిన పుస్తకం, నాడి, చుక్కలు.

నాడి గురించి తల్లిదండ్రులకు ఒక హెచ్చరిక. పిల్లల చేతికి గడియారం కట్టి, పార్కులో పరుగెత్తినప్పటి గుండె వేగంతో కొలనులోని వేగాన్ని పోల్చకండి. నీటిలో మునిగినప్పుడు నీటి ఒత్తిడి కాళ్లలోని రక్తాన్ని ఛాతీ వైపు నెడుతుంది. గుండె ఒక్కో కొట్టుకు ఎక్కువ రక్తం పంపగలుగుతుంది కాబట్టి తక్కువసార్లు కొట్టుకుంటే సరిపోతుంది. ముఖం నీటిలో పెడితే వేగం ఇంకా తగ్గుతుంది. ఈతలో అత్యధిక గుండె వేగం పరుగులో కంటే నిమిషానికి సుమారు పది తక్కువగా ఉంటుందని లెక్క. “మా వాడి గుండె 175 దాటలేదు, సరిగా ఈదడం లేదు” అని ఒక తండ్రి గ్యాలరీలో కూర్చుని కొడుకును తిడుతుంటే వినలేక ఇదంతా ఆయనకు వివరించాను. ఆయన శ్రద్ధగా విన్నారు. మర్నాటి నుంచి పిల్లవాడి చేతికి గడియారం లేదు.

సన్నని పిల్లల సంగతి వేరే చెప్పాలి. కొవ్వు నీటిపై తేలుతుంది, కండ, ఎముక మునుగుతాయి. మా అమ్మాయిలా బక్కపలచని పిల్ల అదే ఎత్తులో నిలబడటానికి కాళ్లు ఎక్కువ ఆడించాలి. చలి కూడా తొందరగా పడుతుంది. కొలనులో నీరు 26 డిగ్రీల ప్రాంతంలో ఉంటుంది. ఈదుతున్నంతసేపూ హాయిగా ఉన్నా, గోడ దగ్గర నిలబడి వ్యూహం వింటున్నప్పుడు పెదవులు నీలమవుతాయి. మా కోచ్ ఇలాంటి పిల్లలను వ్యూహం చెప్పేటప్పుడు ఒడ్డుకు రమ్మని తువ్వాలు కప్పుకోమంటారు. చిన్న విషయమే, కాని వణుకుతున్న పిల్లకు ఏ వ్యూహమూ తలకెక్కదు. కాస్త ఒళ్లున్న అమ్మాయి ఇదే నీటిలో రాణి. నేల మీది ఆటల్లో లావని వెనక్కి నెట్టిన ఒక అమ్మాయి ఇక్కడ సెంటర్ ఫార్వర్డుగా గోలు ముందు పాతుకుపోవడం, జట్టంతా ఆమె చుట్టూ తిరగడం చూస్తే నాకు కళ్లు చెమరుస్తాయి.

స్వభావాన్ని బట్టి మాట్లాడే తీరు మార్చడంలో ఈ కోచ్ నిజంగా నేర్పరి. మా అమ్మాయికి అందరిముందు చెబితే పౌరుషం వచ్చి ఇంకా బాగా చేస్తుంది. అందుకే ఆమె తప్పులు ఒడ్డునుంచి గట్టిగా చెబుతారు. మరో అమ్మాయి గోల్‌కీపరు, లోలోపల మథనపడే పిల్ల. ఆమెను ఎప్పుడూ పక్కకు తీసుకెళ్లి, గోడ వైపు తిరిగి, నెమ్మదిగా చెబుతారు. గోలు పడ్డ వెంటనే అసలు మాట్లాడరు. మా అమ్మాయిలాంటి వారికి చిన్న చిన్న తీవ్రమైన సాధనలు, మార్పులు ఎక్కువ. నిదానస్తులకు వేడెక్కే సమయం ఎక్కువ ఇచ్చి, ఒకే పనిని పొడవుగా చేయిస్తారు. వేగంగా మండే పిల్లకు నలభై నిమిషాలు ఒకే రకం ఈత పెడితే ఇరవయ్యో నిమిషానికి మనసు కొలనులో ఉండదు. నెమ్మదిగా వేడెక్కే పిల్లను మొదటి అయిదు నిమిషాల్లోనే పూర్తి వేగంతో ఈదమంటే కండరం పట్టేస్తుంది. మొత్తం శ్రమ అందరికీ దగ్గరదగ్గరగానే ఉన్నా వడ్డించే తీరు వేరు.

హంగరీలో ఈ ఆటకున్న చరిత్ర పిల్లలకు కథలుగా అందుతుంది. పురుషుల జట్టుకు ఒలింపిక్స్‌లో తొమ్మిది స్వర్ణాలు, చివరి మూడు 2000, 2004, 2008లో వరుసగా, కెమేని దేనెష్ శిక్షణలో. కాని మా అమ్మాయి మళ్లీ మళ్లీ అడిగేది 1956 మెల్‌బోర్న్ మ్యాచ్ గురించి. బుడాపెస్టులో తిరుగుబాటును సోవియట్ ట్యాంకులు అణచివేసిన కొన్ని వారాలకే ఆ రెండు దేశాల జట్లు కొలనులో తలపడ్డాయి. ఎదుటివారికి కోపం తెప్పిస్తే వారి ఆట చెడుతుందని హంగరీ ఆటగాళ్లు ముందే అనుకున్నారని ఆ జట్టు ఆటగాడు జాదోర్ ఎర్విన్ తరవాతి కాలంలో చెప్పాడు. రష్యన్ భాష స్కూల్లో నేర్చుకున్నవారే కాబట్టి రెచ్చగొట్టడానికి మాటలకు కొదవ లేదు. 4–0తో ముందున్నప్పుడు, చివరి నిమిషాల్లో ఈల విని రిఫరీ వైపు చూసిన జాదోర్‌ను సోవియట్ ఆటగాడు ప్రోకొపోవ్ కొట్టాడు. కంటి దగ్గర చిట్లి రక్తం కారింది. మ్యాచ్ ముందే ముగించారు. ఈ కథలో మా కోచ్ పిల్లలకు పట్టి చూపేది ఆ ఒక్క క్షణమే: చూపు ఎందుకు మరలింది? ఈల పడగానే ముందు ఎదుటి మనిషిని చూడాలి, తరవాతే రిఫరీని. ఇది మా అమ్మాయిలాంటి, అన్యాయం జరిగితే వెంటనే వాదించే పిల్లలకు ప్రత్యేకంగా సాధన చేయిస్తారు. కావాలనే తప్పుడు ఈలలు వేసి ఆడిస్తారు. మొదట్లో ఏడ్చింది. ఇప్పుడు పళ్లు బిగించి వెనక్కి ఈదుతుంది.

ఇక ఫిర్యాదులు.

పిల్లల కార్డు మీద స్వభావం పేరు రాసి పెట్టడం నాకు బొత్తిగా నచ్చలేదు. గోల్‌కీపరు అమ్మాయి కార్డు మీద ‘విషాదశీలి’ అన్న మాట ఉందని ఆ పిల్లకే తెలిసిపోయింది. 13 ఏళ్ల పిల్ల తన గురించి అలాంటి మాట చదివితే దాన్ని ఎంతకాలం మోస్తుందో పెద్దవాళ్లు ఆలోచించాలి. స్వభావంలో పుట్టుకతో వచ్చే పాలు ఉన్న మాట నిజం. కాని ఎదిగే వయసులో హార్మోన్లు, నిద్ర, ఇల్లు, బడి అన్నీ ప్రవర్తనను మారుస్తాయి. నిరుడు ముడుచుకుపోయిన పిల్ల ఈ ఏడు కెప్టెన్ కావచ్చు. ఎలా నేర్పాలో తేల్చుకోవడానికి స్వభావం పనికొస్తుంది. ఎక్కడ ఆడించాలో దాన్ని బట్టి ఇంత చిన్న వయసులోనే నిర్ణయించడం తప్పు. క్లబ్బు కొంతవరకు ఆ పని చేస్తోంది. చురుకైన వారంతా అంచుల్లో, నిదానస్తులంతా వెనక. అందరినీ అన్ని స్థానాల్లోనూ ఆడించి చూడాలని రాతపూర్వకంగా అడిగాను.

రెండోది ఇంకా పెద్దది. శీతాకాలంలో మా కోచ్ పెద్ద జట్టుతో ప్రయాణాల్లో ఉన్నప్పుడు మరొకరు వచ్చారు. ఆయనకు పుస్తకం లేదు, నాడి లేదు. అందరికీ ఒకే ఈత, ఒకే అరుపు. ఆఖరున వచ్చినవారికి అదనపు శిక్ష. వేగంగా పొడవవుతున్న పిల్లలకు అప్పటికే చేతులు, కాళ్లు కొత్తగా ఉంటాయి, నిన్నటిదాకా తగిలిన బంతి ఇవాళ తగలదు. వాళ్లనే ఎక్కువగా శిక్షించారు. ఇద్దరికి భుజం నొప్పి వచ్చింది. ఒక అమ్మాయి మోకాలి లోపలి వైపు నొప్పితో ఎగ్‌బీటర్ మానేసింది. ఆ కిక్‌లో మోకాలు లోపలికి ఒత్తుకుంటుంది, తుంటి కీలు సరిగా తిరగకపోతే ఆ భారమంతా మోకాలి లోపలి బంధకం మీద పడుతుంది. మా కోచ్ తిరిగొచ్చాక పరిస్థితి చక్కబడింది. కాని పద్ధతి మనిషితో పాటు వచ్చి మనిషితో పాటు వెళ్లిపోకూడదు. పుస్తకం క్లబ్బుది కావాలి.

భుజం గురించి కూడా ఒక మాట. ఈత, విసురు రెండూ భుజాన్ని లోపలికి తిప్పే కండరాలను పెంచుతాయి. బయటికి తిప్పే కండరాలు వెనకబడతాయి. రబ్బరు పట్టీతో వారానికి కొన్నిసార్లు చేసే చిన్న వ్యాయామం దీన్ని చాలావరకు సరిచేస్తుంది. క్లబ్బులో అది ఉంది కాని మొక్కుబడిగా ఉంది. నేను ఇంట్లో చేయిస్తున్నాను. అడిగితే మీ పిల్లలకూ నేర్పిస్తాను.

మన ఇళ్లకు ప్రత్యేకంగా వర్తించే సంగతి ఇనుము. నెలసరి మొదలైన అమ్మాయి, పైగా శాకాహారం, పైగా రోజూ కఠిన సాధన ఉంటే రక్తంలో ఇనుము నిల్వలు తగ్గే అవకాశం ఎక్కువ. ఆయాసం, చిరాకు, చదువు మీద మనసు లేకపోవడం కనిపిస్తాయి. బద్ధకమనో, స్వభావం మారిందనో పెద్దలు పొరబడతారు. ఒక తెలుగు అమ్మాయి విషయంలో ఇదే జరిగింది. బద్ధకస్తురాలనుకున్న పిల్లకు ఒంట్లో ఇనుము నిల్వలు చూపే ఫెరిటిన్ పరీక్ష చేయిస్తే బాగా తక్కువ వచ్చింది. వైద్యుల చికిత్సతో కొన్ని నెలల్లో కోలుకుంది. భోజనంతో పాటు టీ ఇవ్వకండి, ఇనుము ఒంటికి పట్టకుండా చేస్తుంది. పప్పు, ఆకుకూరల మీద నిమ్మకాయ పిండండి. సాధనకు రెండు గంటల ముందు పెరుగన్నం మా అమ్మాయికి బాగా పడింది. సాధన అయిన వెంటనే ఒక అరటిపండు, ఇంటికి రాగానే గుడ్లు, అన్నం.

సామాగ్రికి పెద్దగా ఖర్చు లేదు. అమ్మాయిల పోలో ఈతదుస్తులు మామూలు వాటికంటే మందంగా, బిగువుగా, వెనక జిప్పుతో ఉంటాయి. పట్టి లాగడానికి చిక్కకూడదు కనుక వదులుగా ఉన్నవి కొనకండి. చెవులకు రక్షణ ఉన్న టోపీలు క్లబ్బు ఇస్తుంది. పళ్ల రక్షణ కవచం తప్పనిసరి కాకపోయినా కొనండి. పోటీలకు వెళ్లాలంటే క్రీడావైద్యుల అనుమతి ఉండాలి. నెల రుసుము భరించగలిగినదే, టోర్నమెంట్ల ప్రయాణం వేరు. సమాచారమంతా హంగేరియన్‌లోనే వస్తుంది. పిల్లలకు కొన్ని నెలల్లో భాష పట్టుబడుతుంది, మనకు ఫోను అనువాదమే దిక్కు. కొలతల కాగితాలు అడిగితేనే ఇస్తారు. అడగండి, పిల్లల ఆరోగ్య సమాచారం చూసే హక్కు మనకుంది.

సిగ్గరి పిల్లలు, లావుగా ఉన్నామని బాధపడే పిల్లలు, కోపం ఎక్కువని బడినుంచి ఫిర్యాదులు తెచ్చే పిల్లలు, ముగ్గురికీ ఈ క్లబ్బు చోటిస్తుంది. ఈత సరిగా రానివారిని మాత్రం ముందు ఈత తరగతిలో చేర్చి, ఆగకుండా కొన్ని వందల మీటర్లు ఈదగలిగాక తీసుకురండి. చేర్చే రోజున రుసుము గురించి కాక, శీతాకాలంలో ఎవరు శిక్షణ ఇస్తారు, కష్టం అంకెల పుస్తకం అప్పుడు కూడా ఉంటుందా అని అడగండి. నా లేఖకు క్లబ్బు నుంచి వచ్చిన జవాబులో, కార్డుల మీద స్వభావం పేర్లు తీసేస్తామని ఒప్పుకున్నారు. స్థానాలు మార్చి ఆడించే విషయం వచ్చే నెల తల్లిదండ్రుల సమావేశంలో చర్చకు పెట్టారు. కొత్త సీజనుకు మా అమ్మాయి పేరు ఇప్పటికే రాయించాం.